కుక్కకు ఇల్లు కావలెను, మాది తప్ప

కుక్కను ముట్టుకోకుండానే కుక్కను కాపాడే విద్య మనవాళ్లకు బాగా పట్టుబడింది. ఫోన్ తీయాలి, ఫొటో కొట్టాలి, కింద “అర్జెంట్! సాయంత్రంలోగా ఎవరైనా అడాప్ట్ చేసుకోకపోతే చచ్చిపోతుంది” అని రాసి, పగిలిన గుండె బొమ్మ ఒకటి అంటించి, ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాలి. పదో తరగతి బ్యాచ్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, చీటీల గ్రూపు, ఏదీ వదలకూడదు. పంపినాయన నిమ్మళంగా అన్నం తిని పడుకుంటాడు. పొద్దున లేచి “ఏమైనా అప్‌డేట్ ఉందా?” అని గ్రూపునే అడుగుతాడు. ఆ కుక్క పక్కన నిలబడిన మనిషి భూమ్మీద ఆయనొక్కడే. అప్‌డేట్ మాత్రం చీటీల గ్రూపు ఇవ్వాలి.

జవాబులు కూడా వస్తాయి. “అయ్యో పాపం.” “లొకేషన్ పెట్టండి.” “నేనే తీసుకుందును గానీ మా ఓనరు ఒప్పుకోడు.” “మా ఆవిడకు ఆస్తమా.” “మా బావమరిదికి ఫార్వర్డ్ చేశా.” రాత్రికల్లా కుక్క ఫొటో నాలుగు జిల్లాలు తిరిగొస్తుంది. కుక్క మాత్రం అదే కరెంటు స్తంభం కింద, అదే కాలు నాక్కుంటూ ఉంటుంది. ఫొటో తీసినాయనే ఆటో పిలిచి పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటే ఇంత కరుణ వృథా అయ్యేది కాదు.

దత్తత మనకు కొత్త కాదు. 2014లో కేంద్రం సంసద్ ఆదర్శ గ్రామ యోజన పెట్టి, ఎంపీలను తలా ఒక ఊరిని దత్తత తీసుకోమంది. మరుసటి ఏడాది ‘శ్రీమంతుడు’ సినిమా వచ్చి, డబ్బుండీ ఊరిని దత్తత తీసుకోనివాడు మనిషే కాడన్నంత ఊపు తెచ్చింది. బోర్డులు లేచాయి, కొబ్బరికాయలు పగిలాయి, ఫొటోలు దిగారు. ఊరిని దత్తత తీసుకోవడంలో ఉన్న సుఖం ఏమిటంటే, దాన్ని ఇంటికి తీసుకుపోనక్కర్లేదు. కుక్కతో వచ్చిన చిక్కల్లా అది వెంట వస్తుంది. వచ్చి ఊరుకోదు, తింటుంది, రాత్రి అరుస్తుంది, సోఫా కొరుకుతుంది. పన్నెండు పద్నాలుగేళ్లు బతుకుతుంది కూడా. ఈ చివరి సంగతి ఫొటోకు దిగేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

నేను మాట్లాడేది బుక్కరాయసముద్రం నుంచి. అనంతపురం వాళ్ల నోట్లో బీకే సముద్రం. టౌన్లో నుంచి చెరువు దాటితే మాదే. విజయనగర రాజుల కాలంనాటి చెరువు, బుక్కరాయల పేరు. ఏడాదికి ఐదున్నర వందల మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే నేల. త్యాగం విషయంలో మాత్రం మా ఊరి కొలత చాలా పెద్దది. చెరువుకు గండి పడితే కట్ట నిలవడానికి ప్రాణమిచ్చిందని చెప్పుకునే ముసలమ్మ ఈ ఊరి కోడలే. కట్టమంచి రామలింగారెడ్డి ఆమె మీద కావ్యం రాశాడు.

ఇప్పుడు ఆ చెరువు వైపుకి కార్లలో త్యాగమూర్తులు వస్తున్నారు. అద్దాలు నల్లగా ఉంటాయి. డిక్కీ తెరుచుకుంటుంది. ఒక లాబ్రడారో, బొచ్చు సగం రాలిన పగ్గో, మెడలో ఇంకా బెల్టు ఉన్న ఒక హస్కీయో కిందికి దిగుతుంది. యజమాని దాని తల నిమిరి, కళ్లు తుడుచుకుని, కారెక్కి, అద్దంలో వెనక్కి చూడకుండా పోతాడు. ముసలమ్మ తనను తాను ఇచ్చుకుంది. ఈయన కుక్కను ఇచ్చాడు. కాలం మారింది కదా!

ఒకసారి గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన, లాబ్రడార్‌ను దింపిన ఒక కారుకు అడ్డం నిలబడ్డాడు.

“ఏమప్పా, దీన్ని ఈడ ఇడ్సిపెట్టి పోతాండావు?”

“రెస్క్యూ చేశాం పెద్దాయనా. అపార్ట్‌మెంట్లో దానికి ఊపిరాడటం లేదు. పల్లెలో అయితే స్వేచ్ఛగా, హాయిగా బతుకుతుందని.”

“అంత హాయిగా ఉండేటట్లయితే నువ్వు గూడా దిగప్పా. గొర్రెలు కాద్దువు.”

ఆయన దిగలేదు. కారు పోయింది. పల్లెలో స్వేచ్ఛ ఎలా ఉంటుందో ఆ లాబ్రడార్‌కు కాసేపట్లోనే తెలిసొచ్చింది. మా ఊరి కుక్కలకు పట్టాదారు పాసుపుస్తకాలు లేవు గానీ, ఏ వీధి ఎవరిదో వాటికి మా తహశీల్దారు కన్నా బాగా తెలుసు. కొత్త కుక్క అడుగు పెడితే నాలుగూ కలిసి మీద పడతాయి. సోఫా మీద పెరిగినదానికి తిరగబడటం రాదు, పరిగెత్తడం రాదు, చెత్తలో తిండి వెతుక్కోవడం అసలే రాదు. గిన్నె కోసం ఎదురుచూస్తూ రోడ్డు మధ్యలో కూర్చుంటుంది. ఆ రోడ్డు మీద లారీలు తిరుగుతాయి.

ఇలా వదలడం నేరమే. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం, ఆకలికో దప్పికకో మాడిపోయేలా జంతువును వదిలేస్తే శిక్ష ఉంది. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయలకు మించకుండా. అనంతపురం నుంచి మా ఊరికి కారులో వచ్చిపోయే పెట్రోలుకే అంతకన్నా ఎక్కువవుతుంది. చట్టం భయపెట్టకపోయినా పెట్రోలు ధరైనా భయపెట్టాలి మరి.

మా ఊరేదో కుక్కల పాలిట కాశీ అని చెప్పడం లేదు. ఇక్కడా రాళ్లు విసురుతారు, వేడినీళ్లు పోస్తారు, కోడి పోయిందంటే మందు కలిపిన ముద్ద పెట్టే చేతులూ ఉన్నాయి. అయితే ఊరకుక్కకు ఇక్కడ ఒక ఏర్పాటుంది. అది ఏ ఇంటిదీ కాదు, వీధిది. ఒక ఇంట్లో సంగటి ముద్ద, ఇంకో ఇంట్లో మిగిలిన చారన్నం, పెళ్లయితే ఆ పూట విందు. గొర్రెల మంద వెంట పోయే కుక్కకు పేరు కూడా ఉండదు ఒక్కోసారి. అది మందతో పాటే కొండ కిందికి పోతుంది, మందతో పాటే తింటుంది, తోడేలు వస్తే ముందు అదే లేస్తుంది. దాన్ని ఎవరూ కాపాడలేదు, ఎవరూ దత్తత తీసుకోలేదు. ఫొటో అయితే అసలే లేదు.

హస్కీ సంగతి కాస్త విడిగా చెప్పుకోవాలి. సైబీరియా మంచులో బండి లాగడానికి పుట్టిన కుక్క అది. దాన్ని ఎండాకాలం 42 డిగ్రీలు దాటే అనంతపురానికి తెచ్చి, మూడో అంతస్తులో ఏసీ గదిలో పెట్టి, కరెంటు పోయినప్పుడల్లా “ఎందుకో డల్‌గా ఉంటోంది డాక్టర్ గారూ” అనడం మన మధ్యతరగతి కొత్త ముచ్చట. పగ్ కథ ఇంకా పాతది. 2003లో హచ్ ఫోన్ల ప్రకటనలో ఒక పిల్లాడి వెంట పగ్ కుక్కపిల్ల నడిచింది. దేశమంతా ఆ ముడతల మొహం కావాలంది. ఆ మొహం అలా నొక్కుకుపోయి ఉన్నందుకే దానికి ఊపిరి సరిగా ఆడదని తెలిసేలోగా ప్రకటన మారిపోయింది, హచ్ పేరే పోయింది. 2022లో ‘777 చార్లి’ కన్నడం నుంచి తెలుగులోకీ వచ్చింది. కుక్కల్ని పిల్లల కోసం యంత్రాల్లా వాడుకునే పెంపకందార్ల దుర్మార్గాన్ని కూడా చూపిన సినిమా అది. జనం వెక్కి వెక్కి ఏడ్చి, కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చి, అందులోని కుక్కలాంటి లాబ్రడార్ పిల్ల ఎంతకు దొరుకుతుందని అడిగారు.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రాట్‌వైలర్ లాంటి 23 జాతుల పెంపకానికి, అమ్మకానికి లైసెన్సులివ్వొద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. నెల తిరిగేలోగా కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ లేఖ నడిచిన నాలుగు వారాల్లో ఎంతమంది సింహాల్లాంటి యజమానులు తమ సింహాల్లాంటి కుక్కల్ని చూసి వణికారో చెప్పనలవి కాదు. ఉన్నట్టుండి “మంచి మనసున్న ఫ్యామిలీకి ఉచితంగా ఇవ్వబడును” పోస్టులు పుట్టుకొచ్చాయి.

ఆ ప్రకటనలు చదివితే పెళ్లి పందిరి పేజీ గుర్తొస్తుంది. “తెలుపు రంగు, చలాకీ, మగ, టీకాలు పూర్తి, పిల్లలతో బాగా ఉంటుంది.” మగది, తెల్లది, రెండు నెలలది అయితే పొద్దున పెట్టిన పోస్టుకు మధ్యాహ్నానికి సంబంధం కుదురుతుంది. ఆడది అయితే అంత తేలిక కాదు. ఎదకు వస్తుంది, గేటు ముందు మగకుక్కలు చేరతాయి, పక్కింటివాళ్లు ఏమనుకుంటారు! ఆపరేషన్ చేయిస్తే ఈ బెడద ఉండదని చెబితే, “పాపం, దాన్నెందుకు హింస పెట్టడం” అంటారు. ఆర్నెల్లకు ఐదు పిల్లలు పుడితే సంచిలో వేసి చెరువు దగ్గర దింపడం మాత్రం హింస కాదు. ఇక పెద్దది, నల్లది, కుంటిది అయితే సంబంధాల ఊసే లేదు. నలుపు విషయంలో ఒక ముచ్చట. జాతకంలో శని వక్రంగా చూస్తే నల్లకుక్కకు రొట్టె పెట్టమని జ్యోతిష్యుడు చెబుతాడు. శనివారం పొద్దున్నే మారుతీ కార్లు వీధి వీధీ తిరిగి నల్లకుక్క కోసం వెతుకుతాయి. కాలభైరవుడి వాహనం కదా, వంగి నమస్కారం కూడా. ఆదివారం అదే కుక్క అదే గేటు ముందు పడుకుంటే వాచ్‌మన్‌కు చీవాట్లు.

ఇంకో రకం రక్షకులు ఉన్నారు. వీళ్లు కుక్కపిల్లల్ని తల్లి నుంచి కాపాడతారు. కాలువ పక్కన నాలుగు పిల్లలు ముద్దగా పడుకుని ఉంటాయి. తల్లి తిండికి పోయి ఉంటుంది. మనవాళ్లు చూసి “అనాథలు!” అని అట్టపెట్టెలో వేసుకుపోతారు. తల్లి తిరిగొచ్చి రెండు రోజులు ఆ కాలువ చుట్టూ మూలుగుతూ తిరుగుతుంది. అట్టపెట్టెలోని పిల్లలకు ఆవుపాలతో విరేచనాలు పట్టుకుంటాయి. పార్వో వైరస్ తగిలితే వారంలో సగం పోతాయి. కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉంటే పిల్లకు తల్లిపాలు దొరుకుతాయి, ఎంత గట్టిగా కొరకకూడదో తోబుట్టువులతో ఆడి నేర్చుకుంటుంది. అది నేర్చుకోని పిల్ల పెద్దదై పిల్లాడి చెయ్యి కరిచిన రోజు, దాన్ని కాపాడిన ఆయనే కారు డిక్కీ తెరుస్తాడు.

ప్రేమ ఎక్కువైతే ఏమవుతుందో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో చూశాం. 2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి ముసుగులు వేసుకున్న మనుషులు ఊళ్లోకి వచ్చి ఇరవై వీధికుక్కల్ని తుపాకీతో కాల్చి చంపారు. తరువాత పోలీసులు పట్టుకుని చెప్పిన కారణం: నిందితుల్లో ఒకడు ముద్దుగా పెంచుకున్న కుక్కను వీధికుక్కలు చంపాయన్న కోపం. శునకప్రేమతో ఇరవై శునకాలు. ఈ వాక్యానికి నేను వ్యంగ్యం ఏమీ కలపలేను.

కుక్కలంటే మండిపడేవాళ్లకు కారణాలు లేవని కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాణ్ని కుక్కలు చంపిన దృశ్యం చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు. లోకంలో రేబిస్‌తో ఏటా 59 వేల మంది పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, అందులో మూడోవంతుకు పైగా మన దేశంలోనే. ఈ భయం అబద్ధం కాదు. కానీ భయపడ్డ కాలనీ వాళ్లు మున్సిపాలిటీని అడిగేది ఏమిటి? “పట్టుకుపోయి ఎక్కడైనా వదిలేయండి.” కుక్కల ప్రేమికుడు గ్రూపులో అడిగేది ఏమిటి? “పట్టుకుపోయి ఎవరైనా పెంచుకోండి.” ఒకరు కర్ర పట్టుకుంటారు, ఒకరు బిస్కెట్ పట్టుకుంటారు. ఇద్దరూ టీవీలో కూర్చుని ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటారు. ఇద్దరికీ కావలసింది ఒక్కటే, కుక్క ఇంకో వీధిలో ఉండాలి. ఆ ఇంకో వీధి తరచుగా మాది.

2025లో సుప్రీంకోర్టు కూడా ఈ వీధి గొడవలోకి దిగింది. ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీ, చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. దేశం రెండుగా చీలింది. 22న ముగ్గురు న్యాయమూర్తులు దాన్ని సవరించారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలండి. రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలొద్దు. తిండి కేటాయించిన చోటే పెట్టాలి. కోర్టుకెక్కిన ప్రేమికులు మనిషికి 25 వేలు, సంస్థకు 2 లక్షలు కట్టాలి. అందులో నాకు బాగా నచ్చిన ముక్క వేరే ఉంది. ఇష్టమున్నవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకుని వీధికుక్కల్ని దత్తత తీసుకోవచ్చు, తీసుకున్నాక అది మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదే. ఇంతకన్నా సున్నితంగా “అంత ప్రేమ ఉంటే ఇంటికి తీసుకుపోండి” అని ఏ కోర్టూ చెప్పలేదు. నవంబర్ 7న ఇంకో ఉత్తర్వు వచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని కుక్కల్ని తీసి షెల్టర్లకు పంపండి, తిరిగి అక్కడ వదలొద్దు అని.

షెల్టర్ ఉన్న నగరానికి ఇది ఉత్తర్వు. షెల్టర్ లేని ఊరికి ఇది లారీ. లారీ ఊరవతల దించుతుంది. ఊరవతల అంటే ఇంకొకరి ఊరు.

హైదరాబాద్ కార్పొరేషన్ అదే ఏడాది ఆగస్టు 17న జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. మంచి పనే, వెక్కిరించను. నాటు పిల్లను పెంచుకోవడం గౌరవమే అని ఒక ప్రభుత్వ సంస్థ చెప్పడం చిన్న విషయం కాదు. లెక్క మాత్రం చూసుకోవాలి. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు 1 కోటి 53 లక్షలు. మేళాలో పదుల పిల్లలకు ఇళ్లు దొరికే పొద్దుటిపూట, అదే నగరంలో ఎన్ని కుక్కలు ఈనుతాయో మేళా బ్యానర్ మీద రాయరు. దత్తతతో వీధులు ఖాళీ అవుతాయని చెప్పేవాడు లెక్కల్లో తప్పినవాడైనా అయి ఉండాలి, రాజకీయాల్లో పాసైనవాడైనా అయి ఉండాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లది ఇంకో ముచ్చట. సెలవులకొచ్చి, అమ్మగారింటి ముందు నాటు కుక్కను చూసి మనసు పారేసుకుని, “దీన్ని డల్లాస్ తీసుకుపోతాం” అంటారు. నిజంగా తీసుకుపోయినవాళ్లున్నారు, వాళ్లకు దండం. కుక్కల రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో అమెరికా మనల్ని పెట్టింది. 2024 ఆగస్టు 1 నుంచి ఆర్నెల్లు నిండని కుక్కను రానివ్వరు. మైక్రోచిప్ ఉండాలి, టీకా కాయితాలుండాలి, రక్తపరీక్ష లేకపోతే అక్కడ క్వారంటైన్. ఇదంతా విన్నాక సగం మంది కుక్కను నాన్నగారికి అప్పజెప్పి విమానం ఎక్కుతారు. డెబ్బై దాటిన నాన్నగారు, మోకాళ్ల నొప్పులతో, పొద్దున్నే గొలుసు పట్టుకుని దాని వెనక పరిగెడుతుంటారు. ఆ పెద్దాయన్ని ఎవరు దత్తత తీసుకోవాలో గ్రూపులో ఒకసారి అడిగి చూడాలి. హెచ్‌1బీకి లాటరీ ఉంది, కుక్కకు లేదు. చేయదలిస్తే కుక్కను తీసుకుపోవడమే తేలిక.

ఈ హడావుడికి దూరంగా పని చేసేవాళ్లున్నారు. హైదరాబాద్‌లో అమల అక్కినేని 1992లో మొదలుపెట్టిన బ్లూక్రాస్ ఉంది. మాకు దగ్గరగా పుట్టపర్తిలో కరుణ సొసైటీ ఉంది, డచ్చి మహిళ క్లెమెంటీన్ పావ్స్ 2000లో స్థాపించారు. ఆవుల పొట్టల్లోని ప్లాస్టిక్ తీసి తీసి, ఇది ఆపరేషన్‌తో తీరే రోగం కాదని 2012లో ప్లాస్టిక్ సంచుల మీద సుప్రీంకోర్టుకెక్కిన సంస్థ అది. ఇలాంటి చోట్ల పని ఫొటోకు పనికొచ్చేది కాదు. పురుగులు పట్టిన పుండు కడగాలి, విరిగిన కాలికి కట్టు కట్టాలి, పిడుదులు ఏరాలి, ఆపరేషన్ చేసిన కుక్కను కుట్లు మానేదాకా చూసి చెవి కొస కత్తిరించి, పట్టుకొచ్చిన వీధిలోనే వదలాలి. 2001లో వచ్చి 2023లో మారిన జంతు జనన నియంత్రణ నియమాలు చెప్పేదీ అదే, పట్టిన వీధిలోనే వదలమని. అక్కడ ఇప్పటికే ఉన్న కుక్క ఆపరేషన్ అయినది, టీకా పడినది అయితే, కొత్తవాటిని రానివ్వదు, తను కొత్తవాటిని కనదు. ఆ వీధికి అంతకన్నా మంచి కాపలా లేదు.

అలాంటి ఏ షెల్టరైనా తెల్లవారి గేటు తీస్తే బయట ఒక అట్టపెట్టె ఉంటుందని అక్కడ పనిచేసేవాళ్లు చెబుతారు. పెట్టినవాళ్లు విరాళం పెట్టరు, బియ్యం పెట్టరు, ఫోన్ నంబరు అసలే పెట్టరు. ఇంటికి పోయి స్టేటస్ మాత్రం పెడతారు, “ఇవాళ నాలుగు ప్రాణాలు కాపాడాను” అని.

కాబట్టి ప్రేమికులకూ, ద్వేషులకూ కలిపి ఒకే విన్నపం. ఒక ప్రాంతంలోని కుక్కల్లో డెబ్బై శాతానికి టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దత్తతకు మీ ఓనరు ఒప్పుకోకపోవచ్చు, టీకాకు ఆయన అనుమతి అక్కర్లేదు. కుక్క కరిస్తే పసరు పూయకుండా, పావుగంట సేపు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి ఆసుపత్రికి పోండి. చర్మంలోకి వేసే పద్ధతిలో సూదులు మొదటి రోజు, 3, 7, 28 రోజులకు. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యూనోగ్లోబులిన్ కూడా అడిగి వేయించుకోండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది. ఏటా జూలై 6న, జూనోసిస్ దినం నాడు, పశుసంవర్ధక శాఖ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా శిబిరాలు పెడుతుంది. మీ వీధి కుక్కను పట్టడానికి ఇద్దరు మనుషులు, ఒక తాడు, ఒక బిస్కెట్ ప్యాకెట్ చాలు. ఆ రోజు సూదికి డబ్బు అడగరు.